నురగ గిన్నె పొంగింది, బుగ్గోడి మీదకొచ్చింది

భీమిలిలో బీచ్‌కి రెండు వీధుల ఇవతల ఒక పళ్ళ డాక్టర్ గారి క్లినిక్ ఉంది. పక్కనే అంత సముద్రం ఉన్నా ఆయనకి చాల్లేదు, వెయిటింగ్ హాల్లో ఇంకో బుల్లి సముద్రం పెట్టించుకున్నారు. అదే ఉప్పునీళ్ళ అక్వేరియం. పేషెంట్లు భయంభయంగా చేపల్ని చూస్తారు, చేపలు జాలిగా పేషెంట్లని చూస్తయ్. లైఫ్ సెట్టు.

పైన పెద్ద తొట్టి, కింద బీరువాలో చిన్న తొట్టి. పై నీళ్ళు పైపులోంచి కిందికి దిగి, అక్కడ క్లీన్ అయ్యి, మోటార్‌తో మళ్ళీ పైకొస్తయ్. క్లీన్ చేసేది స్కిమ్మర్ అనే మిషను. అది నీళ్ళలోకి గాలి బుడగలు కొడుతుంది, మురికంతా ఆ నురగకి అంటుకుని పైనున్న గిన్నెలో పడుతుంది. వారానికోసారి డాక్టర్ గారు ముక్కు మూసుకుని ఆ గిన్నె కడుగుతారు.

పై తొట్టిలో చారలక్క అని ఒక చారల చేప. నోరు మూయదు. ఎవరికి పన్ను పీకారు, ఎవరు ఏడ్చారు, అన్నీ దానికే కావాలి. దాని పక్కన కొత్తగా వచ్చిన బుగ్గచేప, మన బుగ్గోడు. భయమేస్తే బంతిలా ఉబ్బుతాడు, రోజుకి పదిసార్లు భయమేస్తుంది. కింది తొట్టిలో నత్త తాత. పాచి నాక్కుంటూ అద్దం మీద పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఆ మూలకి చేరతాడు, అంత స్పీడు. అక్కడే ఒక సన్యాసి పీత. పేరుకే సన్యాసి, గుల్ల మీద గుల్ల మారుస్తూనే ఉంటాడు. ఈ మధ్యే డాక్టర్ గారు ఇంత లావు గుల్ల ఒకటి వేస్తే అందులో దూరి, మూలనున్న తెల్ల డబ్బా ఎక్కి కూర్చున్నాడు. ఇంక ఆ రోజు నుంచి ఒకటే ఆర్డరు: "నన్ను ప్రెసిడెంట్ గారూ అనాలి!"

సరిగ్గా ఆ వారమే గిన్నె పొంగడం మొదలెట్టింది.

పొంగడమంటే మామూలుగా కాదు, పొయ్యి మీద పాలు మర్చిపోయినట్టు. కంపు నీళ్ళు బీరువాలోంచి కారి హాల్లోకొచ్చేశాయి. పన్నునొప్పితో వచ్చిన ఒకావిడ కుచ్చిళ్ళు తడిసి, పన్నునొప్పి మర్చిపోయి అరిచింది. డాక్టర్ గారికి తిక్క రేగింది.

"ఈ బుగ్గచేప వచ్చాకే ఇదంతా. సగం తింటుంది, సగం కక్కుతుంది. శనివారం దాకా చూస్తా. ఆగకపోతే షాపుకి తిరిగిచ్చేస్తా."

ఆ రోజు బుధవారం. బుగ్గోడు టప్పున ఉబ్బాడు. షాపులో వాడున్నది ఒక చిన్న గాజు డబ్బాలో, ఒక్కడే, పలకరించే దిక్కు లేకుండా. పైపు దగ్గరికెళ్ళి కిందికి అరిచాడు.

"తాతా! నన్ను పంపించేస్తారంట తాతా!"

"ఎవర్రా అది, పెద్దమనిషిని ఇక్కడ పెట్టుకుని ముసలోడితో మాట్లాడేది?" అని డబ్బా మీంచి పీత. "చెప్పు, విషయమేంటి?"

"గిన్నె పొంగుతుందండి ప్రెసిడెంట్ గారూ."

"తెలుసు. తప్పు నీదే. నెక్స్ట్!"

"అది తీర్పా?" అన్నాడు తాత.

"మరి కాదా? తిండిపోతు వచ్చాడు, మురికి పెరిగింది, గిన్నె పొంగింది. చిన్న పిల్లాడు కూడా చెప్తాడు."

చారలక్క ఊరుకుంటుందా. "నిజమే తాతా, వీడు రొయ్య ముక్క నమిలితే చిచ్చుబుడ్డి కాల్చినట్టే. నా మొహం మీద కూడా పడింది."

బుగ్గోడు ఇంకా ఉబ్బాడు.

"ఆగండెహె," అన్నాడు తాత. "ఏటి తొందర? ఒక్కోటీ చూద్దాం. అన్నీ ఒకేసారి కెలికితే ఏది పనిచేసిందో బ్రహ్మకి కూడా తెలీదు. ముందు తిండి. బుగ్గా, రేపంతా నోరు కట్టుకోగలవా?"

"చచ్చిపోతా తాతా."

"షాపుకెళ్తావా?"

"కట్టుకుంటా."

గురువారం రొయ్య ముక్కలు బుగ్గోడి ముక్కు ముందు నుంచి ఊగుతూ వెళ్ళాయి. ఒక్కటి ముట్టుకుంటే ఒట్టు. చారలక్క వాటిని చప్పరిస్తూ "బాగున్నయ్ రా ఇవాళ" అని కామెంటరీ. మధ్యాహ్నానికి గిన్నె మళ్ళీ పొంగింది.

"చూశారా, తిండి కాదు," అన్నాడు తాత.

"నిన్నటిది అరగలేదేమో," అన్నాడు పీత, కాలు మీద కాలు మీద కాలు వేసుకుని.

తాత స్కిమ్మర్ పైకి పాకాడు. గాలి తగ్గించే పెంచే మీట ఒకటుంటుంది అక్కడ, డాక్టర్ గారు దానికి పెన్నుతో గీత పెట్టారు. మీట గీత మీదే ఉంది. అంటే గాలి గోల కూడా కాదు.

శుక్రవారం పొద్దున చారలక్క విసుక్కుంది. "తాతా, నీళ్ళేంటి ఇలా ఉన్నయ్? చప్పగా, ఉప్పేయని పప్పులా?"

తాత నాకడం ఆపేశాడు. "ఏటన్నావ్?"

"చప్పగా ఉన్నయ్ అన్నా."

"ఓసి నీ నోరు మంచిదే! మురికి పెరిగితే కంపు రావాలి గానీ చప్పబడ్డమేటి?"

అద్దం మీద ఒక తెల్ల చార ఉంది. పళ్ళకి గార పట్టినట్టు, నీళ్ళు ఎప్పుడూ ఎక్కడిదాకా ఉంటాయో అక్కడ గట్టిగా పేరుకున్న గార. తాత దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. మామూలుగా అది నీళ్ళ అంచున ఉండాలి. ఇప్పుడు రెండు నత్తల లోతున మునిగిపోయింది.

"దొరికిందిరా! నీళ్ళెక్కువయ్యాయి. స్కిమ్మర్ పీకల్దాకా మునిగిపోయింది. నీళ్ళెక్కితే నురగెక్కుద్ది, నురగెక్కితే గిన్నె పొంగుద్ది. బుగ్గోడి బుగ్గకీ దీనికీ సంబంధమే లేదు!"

"మరి అన్ని నీళ్ళు ఎక్కడివి?" అన్నాడు బుగ్గోడు.

"పక్కన టిన్నులోవి. ఆవిరైపోయిన నీళ్ళ బదులు ఇంకో చిన్న మోటార్ పోసే మంచినీళ్ళు, అందుకే చప్పబడింది. నాలుగు రోజులు రావాల్సిన టిన్ను ఎంత నింపినా పూటకే ఖాళీ అయిపోతంది. ఆ టిన్ను మోటార్ వినబడ్డం లేదా?"

గుర్ర్‌ర్ మంటుంది. వారం నుంచి గుర్ర్‌ర్ మంటూనే ఉంది, ఎవడూ పట్టించుకోలేదు.

"అది ఎప్పుడు ఆగుద్ది తాతా?"

"దానికో తేలే డబ్బా ఉంటుంది. నీళ్ళు తగ్గితే డబ్బా దిగుద్ది, మోటార్ తిరుగుద్ది. నీళ్ళు నిండితే డబ్బా లేస్తది, మోటార్ ఆగుద్ది. నీళ్ళు నిండినా ఆగట్లేదంటే డబ్బా లేవట్లేదన్నమాట. తెల్ల డబ్బా..."

తాత ఆగిపోయాడు. తెల్ల డబ్బా మీద, లావు గుల్లేసుకుని, ప్రెసిడెంట్ గారు కునుకు తీస్తున్నారు.

"ఓరి వీడి..." అని చారలక్క మొదలెట్టింది.

"నోరు ముయ్యి తల్లీ, ఒక్క నిమిషం," అని గొణిగాడు తాత. గద్దె మీదున్నోడికి నీ కుర్చీలోనే తప్పుందంటే దిగుతాడా? ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. తాత గొంతు మార్చాడు.

"ప్రెసిడెంట్ గారూ! తమరికి ఆ ఇల్లు మరీ ఇరుకండి."

పీత ఒక కన్ను తెరిచాడు. "కొత్తదే కదా?"

"కొత్తదే గానీ తమ హోదాకి చాలదండి. మా తాత గుల్ల ఉంది ఆ రాళ్ళ వెనకాల. ఎవరికీ ఇవ్వకుండా దాచాను. లోపలంతా ముత్యం మెరుపే."

రెండో కన్ను కూడా తెరుచుకుంది. "ఎంతుంటుంది?"

"తమరు కూర్చున్నాక ఇంకో ఇద్దరు ప్రెసిడెంట్లు పడతారు."

"ఊరికే చూస్తా. చూడ్డానికేముంది," అంటూ పీత గబగబా దిగాడు. రాళ్ళ వెనక్కెళ్ళాడు. తట్టాడు, తొంగి చూశాడు, ఒక్క దూకులో దూరిపోయాడు.

టప్. డబ్బా పైకి లేచింది.

గుర్ర్‌ర్... ఆగిపోయింది. హాల్లో ఫ్యాన్ చప్పుడు కూడా వినపడేంత సైలెన్సు.

"ఒరేయ్, అంటే నువ్వా!" చారలక్క అరుపుకి పైపు అదిరింది.

"నేనేం చేశా? కూర్చున్నానంతే!"

"అదేరా బాబూ, నువ్వు చేసిందదే!"

పీతకి పౌరుషమొచ్చి డబ్బా వైపు పరిగెత్తాడు. కానీ తాత గుల్ల బండరాయంత బరువు. సగం ఎక్కాడు, జర్రున జారాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ జర్రు. పోనీ పాత గుల్లకి వెళ్దామా అంటే ఈ ముత్యం మెరుపు వదలడానికి ప్రాణం ఒప్పలేదు.

శనివారం డాక్టర్ గారు చేతిలో వలతో వచ్చారు. బుగ్గోడు బంతైపోయాడు. ముందు బీరువా తీస్తే టిన్ను మోటార్ సైలెంటు, రాత్రి నింపిన టిన్ను అలాగే నిండుగా ఉంది. అద్దం మీద నత్త ఒకటి, నీళ్ళ లోపల గార మీద వేలితో చూపిస్తున్నట్టు అతుక్కుని కదలట్లేదు.

"ఓహో, నీళ్ళెక్కాయా!"

గార చార బయటపడేదాకా మగ్గుతో తోడారు. ఉప్పు మెల్లమెల్లగా సరిచేశారు. డబ్బా మీద పీత గోళ్ళ గీతలు చూసి నవ్వి, చుట్టూ చిన్న జాలీ బిగించారు. సాయంత్రానికి నురగ గిన్నె మెడ దగ్గర బుద్ధిగా ఆగింది. వల లోపలికెళ్ళిపోయింది, బుగ్గోడికి రెండు రొయ్య ముక్కలు ఎక్స్‌ట్రా వచ్చాయి.

"ఒరేయ్ నా మొహం మీద చిమ్మకురా!"

"చిమ్మనీవే చారలక్కా," కింద నుంచి తాత, "గిన్నె ఉన్నది అందుకే కదా."

ఇప్పుడు తాత రోజూ రాళ్ళ వెనక్కెళ్ళి ఆ గుల్లని తట్టి "బాగున్నావా తాతా?" అని అడుగుతాడు. లోపల్నుంచి పీత మొహం మాడ్చుకుని "ఆఁ, బానే ఉన్నా" అంటాడు.

తప్పు ఎవడిదో తేల్చేముందు, నువ్వు దేని మీద కూర్చున్నావో ఒకసారి లేచి చూసుకో.