పదిమందిలో ఒకడు అడగాలి

గంగులు, పోలయ్య అన్నదమ్ములు, వంటవాళ్ళు. ఊరి మొత్తం మీద బుర్ర ఉన్నది తమ ఇంట్లోనే అని వాళ్ళ గట్టి నమ్మకం. పోతూ పోతూ తండ్రి వాళ్ళకొక లెక్క అప్పగించాడు: "ఇరవై ఏళ్ళవాడికి పది గారెలు. ఆపైన ప్రతి పదేళ్ళకూ ఒకటి తగ్గించండి. పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోతాయి. ఒకడు ఇంకా అడుగుతాడు. అలా జరిగితే లెక్క సరైనట్టే."

సన్యాసినాయుడుగారి ఇంట బారసాల వచ్చింది. "మీ నాన్న లెక్క నిలబడితే మా సత్రం వంట మీదే" అన్నారాయన. అన్నదమ్ములకు సత్రం కన్నా నాన్న మాటే ముఖ్యం.

మొదటి బంతిలో పదిమంది కుర్రవాళ్ళు. తిన్నారు, తేన్చారు. ఒక్కడూ అడగలేదు.

"ఒరే తమ్ముడూ, నాన్న పరువు పోతోందిరా!"

ఇంకేముంది, పోలయ్యే ఆకు వేసుకుని కూర్చుని, "అన్నా, ఇంకో గారె!" అన్నాడు.

"అమ్మయ్య! పదిమందిలో ఒకడు."

"నాతో పదకొండుమంది కదా అన్నా!"

అంతే, అదే బంతిలో పాయసం జుర్రుకుంటున్న నాయుడుగారి కొత్త అల్లుణ్ణి చంకల్లో చేతులు వేసి లేపేశారు.

రెండో బంతిలో పదిమంది అరవై ఏళ్ళవాళ్ళు. ఆరేసి గారెలే పడ్డాయి. ముగ్గురు ఇంకా కావాలన్నారు. వెంటనే ఇద్దరి నోట్లో లడ్డూలు కుక్కారు. అడిగేవాడు ఒక్కడే మిగిలాడు.

నాయుడుగారు ఇదంతా చూశారు. "కుర్రవాళ్ళలో అడిగింది నీ తమ్ముడొక్కడే. నిజంగా అడిగినవాళ్ళంతా ముసలివాళ్ళు. ప్రతి ఈడులోనూ పదికి ఒకడు రావాలయ్యా! వయసుతో ఆకలి తగ్గుతుందనుకోవడమే మీ నాన్న పొరపాటు."

గంగులు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అతని భార్య నూకాలు ముందుకొచ్చింది. "మామగారి లెక్క తప్పదు. వీళ్ళ వయసే తప్పు!"

మూకుడు మసి తెచ్చి ముసలివాళ్ళ మీసాలకు పులిమింది. అందరూ ఇరవై ఏళ్ళవాళ్ళయిపోయారు! మరి నాలుగేసి గారెలు పడ్డాయి. కడుపులు నిండాయి.

నాయుడుగారు నవ్వాపుకోలేకపోయారు. "పోనీలే, పెద్దవాళ్ళు తృప్తిగా తిన్నారు. సత్రం వంట మీదే."

"వద్దండీ! ఇప్పుడు ఒక్కరూ అడగలేదు. నాన్న ఓడిపోయారు!" అంటూ పోలయ్య, ఈసారి ఒకడైనా అడగకపోతాడా అని, మిగిలిన గారెల గంపను కాకులకు కుమ్మరించాడు. తరువాతి బంతిలో కూర్చున్న ఇరవైమందీ ఒక్క గొంతుతో, "గారెలేవయ్యా?" అన్నారు.

"అన్నా, ఇరవైమంది అడిగారు!"

గంగులు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "భయం లేదురా. ఇంకో నూట ఎనభైమంది అడక్కుండా తింటే రెండు వందలకు ఇరవై. నాన్న లెక్క అక్షరాలా సరి!"

అంతే, ముగ్గురూ వీధిలోకి పరుగెత్తారు.

"రండి బాబూ, రండి! నాయుడుగారింట భోజనం! గారెలు అయిపోయాయి. మీరు అడక్కుండా ఉంటే చాలు!"