నల్లకొండ కింద కరిగిన రాయి

సముద్రం నడుమ ఒక దీవి, దీవి మధ్యలో ఒక నల్లకొండ. కొండ పక్కన నేల బీటలు వారి, అందులోంచి ఎప్పుడూ వెచ్చని ఆవిరి వచ్చేది. చలికాలంలో జంతువులన్నీ అక్కడికే చేరి ఒళ్లు కాచుకునేవి.

ఒక ఏడు చెంగయ్య అనే నక్క అందరికన్నా ముందు వెళ్లి ఆ బీట దగ్గర కూర్చుంది.

"లోపల పొయ్యి రాజేసింది నేనే. కాచుకోవాలంటే ఏదైనా తినడానికి పట్టుకు రండి" అంది.

వీరన్న అనే అడవిదున్న నమ్మేసింది. దానికి బలం కొండంత, అనుమానం ఆవగింజంత కూడా లేదు. అది పళ్ల కొమ్మలు తెచ్చింది, కొంగలు చేపలు తెచ్చాయి. నక్క పక్కన తిండి గుట్టగా పేరుకుంది.

ఒక పొద్దున మల్లక్క అనే ఏదుపంది కుంటుకుంటూ వచ్చింది.

"వీరన్నా, బొరియ తవ్వబోతే మూరెడు లోతుకే పాదాలు కాలాయి. ఊటనీళ్లు సలసల కాగుతున్నాయి. కొండవాలు ఉబ్బింది."

"లోపల ఏముందంటావ్?"

"కరిగిన రాయి! లోలోతుల్లో వేడికి రాయి బెల్లంపాకంలా కరుగుతుందని మా అమ్మమ్మ చెప్పేది. కరిగింది తేలికై పైకి పాకుతుందట. దాన్లో ఆవిరి ఇరుక్కుని ఉంటుందట. ఆ ఆవిరికి దారి దొరికితే సరే, దొరక్కపోతే కొండనే పగలగొడుతుందట."

నక్క పకపకా నవ్వింది. "మంట కాస్త ఎక్కువైంది, అంతే. తగ్గిస్తాను చూడండి" అంటూ కాలితో మూడుసార్లు నేల మీద తన్నింది.

నేల అదిరింది. ఆవిరి ఠక్కున ఆగిపోయింది! జంతువులన్నీ నక్క ముందు సాగిలపడ్డాయి. ఆశ్చర్యం నక్కకీ కలిగింది గానీ, పైకి కనపడనివ్వలేదు.

మల్లక్క మాత్రం బీటలోకి తొంగిచూసింది. "మంట ఆరలేదు, దారి మూసుకుపోయింది. వీరన్నా, ఒక్కసారి నేలకి చెవి ఆనించు."

వీరన్న ఆనించింది. అడుగున ఎక్కడో ఏదో పెద్దది కదులుతోంది. ఆ గుడగుడకి దున్న కొమ్ములు కూడా అదిరాయి.

"ఇది ఎవరి పొయ్యీ కాదు. పదండి!" అని వీరన్న కుందేళ్లని, మల్లక్కని వీపు మీద ఎక్కించుకుని, సముద్రంలో తేలిన ఇసుకమేట మీదుగా పక్క దీవికి నడిచింది. మిగతావన్నీ వెంటపడ్డాయి. నక్క మాత్రం తిండిగుట్టని వదిలి కదల్లేదు.

మిట్టమధ్యాహ్నం కొండ పగిలింది. ఎర్రటి రాయి నీళ్లలా ఆకాశానికి చిమ్మింది. తర్వాత చిక్కటి జావలా వాలు మీదుగా, తొందర లేకుండా దిగింది. అది తాకకముందే చెట్లు భగ్గుమన్నాయి. సముద్రంలో దిగగానే తెల్లటి ఆవిరి లేచింది. నిన్నటిదాకా అలలున్న చోట నల్లటి కొత్త నేల పుడుతోంది. జంతువులన్నీ పక్క దీవి ఒడ్డున నిలబడి చూస్తున్నాయి.

కాలిన తోకతో ఈదుకుంటూ వచ్చిన నక్కని వీరన్న కొమ్ముతో ఒడ్డుకి లాగింది.

"ఇన్నాళ్లూ నేను కూర్చున్నది దాని మీదా?" అంది నక్క.

"అందరం దాని మీదే ఉన్నాం చెంగయ్యా" అంది మల్లక్క, కొండ మీంచి చూపు తిప్పకుండా.

నీతి: మన చేతిలో లేని శక్తిని మనదని చెప్పుకోవడం కన్నా, దాని గుట్టు తెలుసుకుని ఒదిగి ఉండటమే క్షేమం.