భల్లయ్య కొత్త చెప్పులు

పిల్లలూ, మీరున్న చోట ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. దగ్గరికి జరిగి వినండి.

అనగనగా ఒక అడవిలో భల్లయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. తనంత తెలివైనవాడు లేడని అతని నమ్మకం. ఆ నమ్మకం ఉన్నది కూడా అతనొక్కడికే. తేనెకుండల కాపలాకు పిడుగు అనే కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. ఆడుకోమని ఒక పాత చెప్పు పడేశాడు. గుంజకు కట్టేసి, పొద్దంతా షికారు తిరగడానికి పోయేవాడు.

పిడుగుకు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి. చిగుళ్ళు ఒకటే సలుపు. పలకరించే దిక్కు లేదు. మొదటి రోజు తాడు అందినంతలో ఉన్న చాప కొరికింది. రెండో రోజు చేట కొరికింది. మూడో రోజు భల్లయ్య కొత్త చెప్పులు నమిలి పీచు పీచు చేసింది.

సాయంత్రం అతను రాగానే తోక ఊపుతూ తాడు సాగినంత దూరం ఎదురెళ్ళింది.

"నా మీద కక్షతోనే నమిలావు!" అని భల్లయ్య కర్ర ఎత్తాడు.

పొరుగున ఉండే ముసలి మేక సీతాలు పకపకా నవ్వింది.

"ఏమయ్యా మహాపండితా! పాత చెప్పు నమిలితే ముద్దు, కొత్తది నమిలితే దెబ్బా? ఆ తేడా దానికి ఏ బళ్ళో చెప్పించావు? పొద్దున నమిలినదానికి ఇప్పుడు కొడితే, తోక ఊపినందుకే కొట్టావనుకుంటుంది!"

"ఆకులు మేసేదానివి, నీకేం తెలుసు? దీనిది దొంగబుద్ధి. పిడుగూ, నిన్ను చిరుత తిన్నా సరే, పో!" అని పిడుగును గెంటేశాడు.

పిడుగు సీతాలు పక్కకు చేరింది. "అమ్మమ్మా, నేను చెడ్డదాన్నా?"

"కాదు తల్లీ. కానీ చాప కొరకడం మంచిపనీ కాదు. నాతో రా."

సీతాలు తన చాపలూ చేటలూ అందకుండా పైన పెట్టింది. వాగునీళ్ళలో చల్లబరిచిన గట్టి వేరు నమలడానికిచ్చింది. పిడుగు వేరే వస్తువు మీద నోరు పెడితే అరవలేదు. ఆ క్షణమే దాన్ని తీసేసి వేరు అందించింది. వేరు పట్టుకోగానే మెచ్చుకుంది. రోజూ రెండుసార్లు వాగుదాకా పరుగెత్తించింది. కొత్త పళ్ళు వచ్చేసరికి ఆ కొరుకుడు పోయింది.

ఒకనాడు కోతులు భల్లయ్య తేనెంతా ఊడ్చేశాయి. అతను సీతాలు ఇంటికి పరుగున వచ్చాడు.

"రా నా బంగారుకొండా! ఇప్పుడు నీకు బుద్ధి వచ్చిందటగా!"

"వచ్చింది మామా," అంది పిడుగు. "అందుకే రాను."

తర్వాత అతను ఇంకో కుక్కపిల్ల కోసం అడవంతా తిరిగాడు. ఏ తల్లికుక్కా అతనికి పిల్లను ఇవ్వలేదు.

నీతి: నేర్పకుండా దండించేవాడు తన తెలివితక్కువతనాన్నే చాటుకుంటాడు. కుక్కపిల్లను తెచ్చుకునే మీ స్నేహితులందరికీ, అది ఇల్లు చేరకముందే, ఈ కథ చెప్పండి నాన్నా.