వానపాము నెత్తురు

విజయనగరం దగ్గర ఒక కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే భీమశంకరం ఎవరినీ నమ్మేవాడు కాదు. బీరువా తలుపుకి సన్నని దారం అంటించి ఇంటికి వెళ్ళేవాడు. దారం తెగితే ఎవరో తెరిచారన్నమాట. ఒకసారి బల్లి తెంపిన దారానికి ముగ్గురు అటెండర్లని నిలదీశాడు. ఆ బల్లి సంగతి ఎత్తుకుంటే ఇది ఇప్పట్లో తెమలదు.

ఆయన దగ్గర సుభాషిణి అనే అమ్మాయి నాలుగేళ్ళుగా వానపాముల నెత్తురు మీద పరిశోధన చేస్తూ ఉండేది. శనివారంలోగా ఆయన సంతకం పెడితే థీసిస్ విశ్వవిద్యాలయానికి వెళ్తుంది. లేకపోతే పరిశోధకుల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేస్తారు.

గురువారం భీమశంకరం ఆమె సీసాలోని వానపాము నెత్తురు కొంచెం తీసి, గిరగిరా తిప్పే యంత్రంలో పెట్టాడు. మనిషి నెత్తురైతే ఎర్రకణాలు అడుగున పేరుకుంటాయి, పైన లేతపసుపు నీరు తేలుతుంది. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన చూసింది అదే. ఇది మాత్రం పైనుంచి కిందిదాకా ఎర్రగానే ఉండిపోయింది.

"ఎర్రసిరా ఎంత కలిపావమ్మా?" అన్నాడు.

"సిరా కాదు మాస్టారూ. వానపాముకి ఎర్రకణాలు ఉండవు. ప్రాణవాయువు మోసే ఆ ఎర్ర పదార్థం నెత్తుటి నీళ్ళలోనే కలిసి ఉంటుంది."

"మరి ఒంట్లోంచి కారిపోదూ?"

"కారిపోనంత పెద్దదండీ. మన నెత్తుట్లో దాని అణువుకి నాలుగు ముక్కలే. వానపాములో నూట నలభై నాలుగు. ఆరు మూలల పీటలు రెండు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. పుస్తకాల్లో ఉంది మాస్టారూ."

"పుస్తకాలు రాసేదీ మనుషులేగా," అని ఆయన ప్రిన్సిపాలుకి ఉత్తరం రాసి పంపాడు, నమూనాలో రంగు కలిసిందని.

రంగేదో కూడా పట్టుకోవాలనిపించింది. శుక్రవారం తనే గునపం పట్టుకుని హాస్టలు వంటగది వెనకాల, అంట్లు తోమేచోట వానపాముల కోసం తవ్వాడు. ఆ పిల్ల మట్టిలో కూడా రంగు పోసిందేమోనన్న అనుమానంతో అక్కడ దొరికినవి పారేసి, పక్కవీధిలో తవ్వాడు. ఆ వానపాముల నెత్తురు తనే తీశాడు. అతి సన్నని రంధ్రాల పొర ఒకటి తెచ్చి, ముందు ఎర్రసిరా పోసి నొక్కాడు. దిగిపోయింది. తన వేలి నెత్తుటి కణాలు నీళ్ళలో పగలగొట్టి పోశాడు. అదీ ఎర్రగానే దిగింది. వానపాముది పోస్తే కిందికి తెల్లనీళ్ళు దిగాయి, ఎరుపంతా పైనే ఆగిపోయింది. సుభాషిణి సీసాలోదీ అంతే.

భీమశంకరం ప్రిన్సిపాలు గదికి పరుగెత్తాడు. ఉత్తరం అప్పటికే విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయింది. శనివారం ఆయన, ఆ ఉత్తరం మీద విచారణకి కూర్చున్న విశ్వవిద్యాలయం కమిటీ ముందు నిలబడి తప్పు తనదేనన్నాడు.

"మొన్న రంగన్నారు, ఇవాళ నెత్తురంటున్నారు," అన్నాడు కమిటీలో ఒక పెద్దాయన. "ఈ రెండురోజుల్లో ఆ అమ్మాయి మీకేం ముట్టజెప్పిందండీ?"

 భీమశంకరం ఊరందరినీ అడిగేలాంటి ప్రశ్నే అది.

కమిటీ సుభాషిణి పేరు కొట్టెయ్యకుండా, ఆమెని వేరే గురువు దగ్గర పెట్టి, ప్రయోగాలన్నీ మళ్ళీ చేయించింది. ఏడాది పోయాక డిగ్రీ ఇచ్చింది. థీసిస్ మీద భీమశంకరం పేరు లేదు.

నీతి: మనకు తెలియనిదల్లా మోసమే అనుకోకూడదు. నింద వేసే ముందే పరీక్షించాలి; వేశాక ఎంత పరీక్షించినా పోయిన కాలం తిరిగిరాదు.