పెట్టిన నేల

పెన్న ఒడ్డున బోడిమడుగు అనే ఊళ్లో, ఏది చెడినా ఎదుటివారి చేతిలోనే తప్పు వెదికే గంగులప్ప నాయుడనే రైతు ఉండేవాడు. తల్లి లేని అతణ్ణి అక్క తిమ్మక్క పెంచింది. ఆమె కందిపప్పు వండుతుంటే వాసన వీధి మలుపు దాకా వచ్చేది. ఆమె పోయి పదేళ్లయింది. ఆ రుచి కూడా క్రమంగా ఆ ఇంటిని విడిచిపోయింది.

దాని కోసం నాయుడు బెంగపెట్టుకున్నాడు. అక్క వాడిన మట్టికుండను అటక మీది నుంచి దింపించాడు. ఇద్దరు వంటమనుషులను మార్చాడు. ఒకనాడు మూడో మనిషి ఎర్రక్కనూ కసిరాడు.

“నీ చేతిలో రుచి లేదు. రేపటి నుంచి రావద్దు.”

“కుండ మీ అక్కది, నీళ్లు మీ బావివి, కందులు మీ చేనివి. నేను వేసింది ఉప్పొక్కటే సామీ! అదైనా సరిపోయిందా?” అని ఎర్రక్క కొంగు దులుపుకొని వెళ్లిపోయింది.

మర్నాడు ఏరువాక. “పెట్టిన నేలే పెడుతుంది” అని తిమ్మక్క తరచూ అనేది. ఆ మాట మీది గౌరవంతో నాయుడు ఏటా ఏరువాకనాడు విస్తరిలో పాయసం తీసుకెళ్లి చేని గట్టున పెట్టేవాడు. చీమలు తినేవి. ఆ ఏడూ అలాగే పెట్టాడు.

గట్టు అవతల, పొరుగువాడి చేలో, గొర్రెల కాపరి బీరప్ప సద్దిమూట విప్పుతున్నాడు. తిమ్మక్క ఉన్నన్నాళ్లూ ఏటా వేసవిలో అతని మంద నాయుడి చేలోనే పడుకునేది. ఆమె పోయిన ఏడే, ఇంటిదాకా కంపు కొడుతోందని నాయుడు వెళ్లగొడితే, మంద ఈ పొరుగు చేలోకి మారింది. ఇప్పుడు ఆ మూటలోంచి వచ్చిన వాసనకు అతని కాళ్లు ఆగిపోయాయి.

“బీరప్పా, ఒక్క ముద్ద పెట్టవా?”

బీరప్ప సంకటి మీద పప్పు వేసి ఇచ్చాడు. నోట పెట్టుకోగానే నాయుడి కళ్లు చెమర్చాయి.

“ఎవరు వండారు?”

“నేనే సామీ. నా వంటకు నా కుక్కే మొహం తిప్పుకుంటుంది. కందులు ఈ చేనివి, అంతే.”

“ఇక్కడ వేసిందీ నా దగ్గర తీసుకెళ్లిన విత్తనమే! నేనూ నేలకు పెడుతూనే ఉన్నానే!” అంటూ నాయుడు విస్తరి చూపించాడు.

“అక్క పెట్టమన్నది పాయసం కాదు సామీ, మంద ఎరువు!” బీరప్ప గట్టుకు రెండువైపులా చెరో గుప్పెడు మన్ను తీశాడు. “ఇందులో వానపాములు కదులుతున్నాయి. మీది చూడండి, చల్లారిన బూడిద. పదేళ్లుగా మీరు తింటున్నారు, అది పస్తుంటోంది.”

“ఎన్నాళ్లకు కోలుకుంటుంది?”

“మూడు వానాకాలాలైనా చూడాలి.”

నాయుడికి అప్పటికే డెబ్భైయేళ్లు. “విత్తనం పడకముందే మందను తోలుకురా. నేను మిగిలి ఉంటే తింటాను” అన్నాడు. ఇల్లు చేరకముందే ఎర్రక్క గడపకు వెళ్లి, “తప్పు నీ చేతిది కాదమ్మా, రా” అన్నాడు.

మూడో పంటకు అక్క చేతి రుచే తిరిగి వచ్చిందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. అంతమాట నమ్మనక్కరలేదు. ఆ రుచిలో అక్క వంతు అక్కతోనే పోయింది. మొదటి ముద్దకే నాయుడు ఆ వెలితిని గుర్తుపట్టాడు. నేల వంతు మాత్రం తిరిగి వచ్చింది. ఆనాడు వాసన వీధి మలుపు దాకా వెళ్లింది.

అన్నానికి మొదట రుచి పెట్టేది మన్ను. దాన్ని పస్తుంచినవాడు ఏ వంటచేతినీ తప్పుపట్టరాదు.