గుమ్మం ముందు పరిచిన గుల్లలు

గవర్రాజు మాష్టారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు "నీ దగ్గరేముందో చూపించు" అంటారు. శిష్యులకి ఆ మాటంటే హడల్. అడగడానికి నోరుంటే చాలు, చూపించడానికి మాత్రం పని చేసి ఉండాలి.

సువర్చల రాతిలో మిగిలిన నత్తగుల్లల మీద పరిశోధన చేస్తోంది. గోదావరి పక్క సున్నపురాతి గనిలో అడుగు పొర నుంచి పై పొర దాకా ఏరింది. వానలు పట్టాక మాష్టారు గని దగ్గరి షెడ్డుకి వస్తే తన సందేహం చెప్పింది. ప్రాణులు కొంచెం కొంచెంగా మారుతూ వచ్చాయనీ, మధ్య రూపాలు దొరక్కపోతే అవి ఉన్న రాళ్ళే అరిగిపోయాయనుకోవాలనీ పాతవాళ్ళన్నారు. చాలాకాలం ఉన్నట్టే ఉండి, మారినప్పుడు త్వరగా మారాయని తర్వాత కొందరన్నారు. ఈ గుల్లలు ఎవరి పక్షం?

"నీ దగ్గరేముందో చూపించు" అన్నారాయన.

ఆమె ట్రే తెచ్చింది. అడుగు పొరవి నున్నటి గుల్లలు కొన్ని, పై పొరవి గాట్లున్నవి గుప్పెడు. మధ్యంతా ఖాళీ. ఆ పొరల్లో ఏమీ దొరకలేదా అని అడిగారు మాష్టారు. బస్తాలకొద్దీ దొరికాయట.

"వాటిలో ఏం లేదండీ. అన్నీ కిందవాటిలాగే ఉన్నాయి, మార్పే లేదు. బురదగా ఉందని గుమ్మం ముందు పరిపించేశాను."

మాష్టారు లేచి గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు. మోకాళ్ళు సహకరించని మనిషి, తడి నేల మీద చతికిలబడి ఒక గుల్ల తీసి పంచెతో తుడిచారు. ఇది ఏ పొరదని అడిగారు. ఏరిన ప్రతి గుల్ల మీదా పొర గుర్తు సిరాతో వేయడం ఈ విద్యలో ఓనమాలు. దాని మీద గుర్తు లేదు. ఇంకోటి తీశారు. దాని మీదా లేదు. మళ్ళీ ఏరుకుందామంటే, ఆ పక్క గని గోడంతా ఎప్పుడో తవ్వి సున్నపు బట్టీలో వేసేశారు.

సువర్చల తలెత్తలేకపోయింది. మార్పు లేదని పారేసినవే తన ప్రశ్నకి సాక్ష్యం. తను ఇంకా చెప్పులతోనే వాటి మీద నిలబడి ఉంది. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టలేదు. పక్కకి దిగి చెప్పులు విడిచింది.

"ఆ ఖాళీ దగ్గర రాళ్ళు పోయాయని రాయనండీ. నేనే పారేశానని రాస్తాను."

మాష్టారు చేతిలోని గుల్లని ఆమె చేతిలో పెట్టారు.

"అన్నాళ్ళూ ఇవి ఊరికే లేవమ్మా, బతికాయి" అన్నారు.