గురవి చేసిన వంకర ప్రమిద

వచ్చావా బంగారం? కాళ్ళు తుడుచుకుని చాప మీదకి జరుగు. ఇప్పుడే మీ చెల్లికి కథ మొదలుపెట్టా. అనగనగా ఒక ఊళ్ళో ప్రమిదలు చేసే పేరయ్య ఉన్నాడంట. ఆయన కూతురు గురవి. ఆరేళ్ళది.

పేరయ్య ఏటా సరిగ్గా ఐదువేల నలభై ప్రమిదలే చేసేవాడు. ఎందుకో తెలుసా? అది బలే మంచి లెక్క. ఏడేసి పరిచినా, తొమ్మిదేసి పరిచినా, పదేసి పరిచినా వరసలు సమానంగా వస్తాయి. ఒక్కటీ మిగలదు.

అట్టా పరిచి చూశాకే ఆవంలో పెట్టి కాల్చాలి. అది వాళ్ళ ఆచారం. ఒంటిగా మిగిలింది ఆవంలోకి పోతే మిగతావన్నీ పగిలిపోతాయని భయం. అందుకని దాన్ని నీళ్ళ తొట్లో వేసేస్తారు. పచ్చి మట్టి కదా, కరిగి బురదైపోద్ది.

ఆ ఏడు గురవి కూడా ఒకటి చేసింది. అదే మొదలు. మూతి వంకర. అయినా దానికెంత ముద్దో! తెచ్చి నాయన ప్రమిదల పక్కన పెట్టింది.

పేరయ్య ఏడేసి పరిచాడు. ఒకటి మిగిలింది. అప్పుడు తొమ్మిదేసి పరిచాడు. ఒకటి మిగిలింది. ఆ తర్వాత పదేసి పరిచాడు. మళ్ళీ ఒకటే! ప్రతిసారీ ఆ వంకరదే.

"ఇది మొండి లెక్క తల్లీ. నీది తొట్లోకే."

గురవి కళ్ళనిండా నీళ్ళు. "దాన్ని ముందు పెట్టి చూడు నాయనా," అంది.

"ముందు పెడితే లెక్క మారిద్దా ఏంటే, పిచ్చి మొహమా!" అని నవ్వాడు. కానీ పిల్ల ఏడుపు చూళ్ళేక దాన్ని తీసి వాకిలి మూలన అన్నిటికన్నా ముందు పెట్టాడు.

అప్పుడు గురవి దాని పక్కన ఒకటి, కింద ఒకటి, ఆ రెండిటి సందులో ఒకటి పెట్టింది. రెండు వరసలు, వరసకి రెండు. ఆ తర్వాత పక్కనా కిందా ఇంకో అంచు పేర్చింది. ఐదు పట్టినై. మూడు వరసలు, వరసకి మూడు. ఆ తర్వాత ఏడు పట్టినై. నాలుగు వరసలు, వరసకి నాలుగు.

పేరయ్య నవ్వు ఆగింది. "ఇదేందే! ఎన్ని వరసలో, వరసకి అన్నే!"

తనూ కూర్చుని పేర్చాడు. పొద్దు వాలేసరికి డెబ్భై వరసలైనై. ఇంకో అంచుకి నూట నలభై ఒకటి కావాలి. తట్టలో మిగిలినవి ఒక్కోటీ తీసి లెక్కపెట్టాడు. నూట ముప్పై తొమ్మిది... నూట నలభై... తట్ట అడుగున ఇంకొకటి!

డెబ్భై ఒకటి వరసలు, వరసకి డెబ్భై ఒకటి. తొట్లోకి ఏదీ లేదు.

వంకరది ఎర్రగా కాలింది. పక్కవి ఒక్కటీ పగల్లేదు. మరుసటేడు పేరయ్య మళ్ళీ ఐదువేల నలభై చేసి, మట్టి పెట్టి తిప్పే సారె ముందు నుంచి లేచి, ఆ ఇంకొకటి గురవి చేత చేయించాడంట.

కథ కంచి దారి పట్టింది, కునుకు మన కంటి దారి పట్టింది.

ఏందీ, ఆ పిల్ల ఏమందో ఇంకోసారి చెప్పాలా? కళ్ళు మూసుకో, చెబుతా.

"దాన్ని ముందు పెట్టి చూడు నాయనా."